తాడు కట్టిన పెన్ను

సికింద్రాబాద్ పార్క్‌లేన్,
చెనాయ్ ట్రేడ్ సెంటర్, మెట్ల మలుపులో
సర్వర్ భాయ్ దుకాణం.
ఆ పేరు మా అమ్మ పెట్టింది, కంప్యూటర్లు కాదు
అని కొత్తవాళ్ళకి ప్రతిసారీ చెప్పుకుంటాడు.

నా మొదటి డబ్బా అతను బిగించిందే.
అప్పట్లో ఏడాదికోసారి చిప్పు పరుగు పెరిగేది.
నేను రాసిన మొద్దు ప్రోగ్రాం
ఒక్క అక్షరం మార్చకుండానే
మూడో ఏటికి చురుకయ్యేది.
ఆ వేగం నాదేననుకున్నాను.

తర్వాత ఒక మే నెల.
మూత తీసిన డబ్బాలో వేలు పెట్టి
చటుక్కున లాక్కున్నాడు భాయ్.
"అట్టు పోస్కోవచ్చు దీని మీద.
ఇగ ఉరకదు బేటా ఇది.
కాళ్ళు అయిపోయినయ్, ఇగ తలకాయలు పెరుగుతయ్."

రెండొచ్చాయి. నాలుగు. ఎనిమిది.
ఇప్పుడు నా బల్ల కింద పదహారు.
రాత్రి పదకొండుకి, రాయదుర్గంలో, ఏడో అంతస్తులో
తెర మీద పదహారు గీతలు చూస్తూ కూర్చుంటాను.
ఒకటి రొప్పుతూ కొండెక్కుతుంటుంది.
పదిహేను, పంక్తి లేచిన చుట్టాల్లా
గోడకి చేరగిలబడి ఉంటాయి.

పని పంచాలి. నా ఉద్యోగం అదే.
పంచడమెంత కష్టమో ఆ దుకాణంలోనే
ముందు చూశాను, అర్థం కాకుండా.

ఒకటే ఖాతా పుస్తకం. భాయ్, కొడుకు ముదస్సిర్.
ర్యాములు ఇరవై అని ఇద్దరూ ఒకేసారి చూశారు.
ఇటు ఒకటి అమ్మి ఈయన పంతొమ్మిది వేశాడు.
అటు ఒకటి అమ్మి వాడూ పంతొమ్మిదే వేశాడు.
అరలో పద్దెనిమిది.
అబద్ధం ఆడినవాడు లేడు.
పనికుర్రాడు నర్సిమ్లు జేబులు మాత్రం
రెండుసార్లు వెతికారు.

అప్పుడు పెన్నుకి తాడు కట్టారు.
పెన్ను ఎవరి చేతిలో ఉంటే రాత వాళ్ళది,
రెండోవాడు నిలబడాలి.
బాగానే నడిచింది, రద్దీ రోజున తాడు తెగేదాకా.
ముదస్సిర్ గుప్పిట్లో పెన్ను. భాయ్ చంకలో పుస్తకం.
ఉర్దూలో మొదలై మా కోసం తెలుగులోకి దిగిన తగాదా:
"పుస్తకమియ్యుండ్రి, రాసి పెన్నిస్తా."
"పెన్నియ్యిరా, రాసి పుస్తకమిస్తా."
ఇద్దరిదీ న్యాయమే.
కౌంటర్ ముందు పదకొండుమంది.
చాయ్ మీద మీగడ కట్టింది.

నా పదహారు తలకాయలూ అంతే.
ఏదీ చెడిపోదు.
మహా మర్యాదగా ఒకదాని కోసం ఒకటి
తెల్లారేదాకా ఎదురుచూస్తాయి.

మూడు రోజులుగా ఒక తప్పు వెతుకుతున్నాను.
లక్షసార్లు నడిపితే ఒక్కసారి వస్తుంది.
పట్టుకుందామని మధ్యలో ఒక ప్రింటు లైను పెడితే రాదు,
తీసేస్తే వస్తుంది.
అమ్మ కన్ను పడగానే బుద్ధిమంతుడయ్యే పిల్లాడు.

"పదహారున్నాయిగా, పదహారింతలెందుకు కాదు?"
అంటాడు మా మేనేజర్ శ్రీవత్స.
ఆయన్ని ఒకసారి పార్క్‌లేన్ తీసుకెళ్ళాలి.
మోసేవాళ్ళు నలభైమంది,
లిఫ్టు ఒక్కటి.

ఇవాళ ఫ్యాను కొనడానికి నేనే వెళ్ళాను.
భాయ్ గడ్డం నెరిసింది. కౌంటర్లు మూడయ్యాయి.
పుస్తకం మాత్రం ఎవరూ ముట్టుకోవడం లేదు.
ఏది అమ్మినా చీటీ మీద గీకి
మూల బల్ల మీద వరసలో పెడుతున్నారు,
వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటున్నారు.
మూల బల్ల దగ్గర
కళ్ళజోడు పెట్టుకున్న నర్సిమ్లు.
పెన్ను అతనిది. పుస్తకం అతనిది.
ఒక్కో చీటీ తీసి, చదివి, రాసి, పక్కకి.

చాలాసేపు నిలబడి చూశాను.
ఫ్యాను సంగతి మర్చిపోయాను.
నోరు జారి అడిగాను:
"అప్పుడు నీ జేబులు వెతికారు, గుర్తుందా?"

తలెత్తలేదు.
"చీటీ పెట్టు అక్కా," అన్నాడు,
"వరసొచ్చినప్పుడు చెప్తా."